నైరుతి మూల గడి

నేను ఒక గ్రాఫిక్స్ మానిటర్‌ని. టీవీ అనకండి, ఒళ్ళు మండుతుంది. ఏదో ఫ్యాక్టరీలో నాకు గాజు ముఖం బిగించి, అట్టపెట్టెలో కుక్కి, విజయనగరంలో ఒక పటాల ఆఫీసుకు పంపారు. దిగీ దిగగానే నెత్తిన పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు నా మీదే చిందాయి. వీళ్ళ చేతిలో నాకు మూడిందని అప్పుడే అనుకున్నాను. మూడింది నాకు కాదని తర్వాత తెలిసింది.

నా ముఖాన్ని ఫ్రేములుగా, అంటే గళ్ళుగా విడగొడతారు. పెద్ద గడిలో పటం, చిన్న గడిలో గుర్తుల పట్టిక. ఒక గడిని ఇంకో గడి మీద పెడితే కింద ఉన్నది కనబడదు. ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది, కానీ కనబడదు. నన్ను నడిపే ఆపరేటరు పైడితల్లికి ఈ సంగతి బాగా తెలుసు.

ఆ ఏడు ఆషాఢంలో, డ్యాము గేట్లెత్తితే మునిగే ఊళ్ళ పటం గీయమని పని వచ్చింది. పటంలో కనబడిన ఊళ్ళనే జాబితాకు ఎక్కిస్తారు. జాబితాలో ఉన్న ఊళ్ళకే ముందుగా కబురు పోతుంది. పైడితల్లి గుర్తుల పట్టికను పైన కుడి మూల, ఎవరూ లేని కొండల మీద పెట్టింది. ఆఫీసరు త్రినాథరావుగారు వచ్చి కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"ఈశాన్యంలో ఇంత బరువేంటమ్మా? నైరుతికి దింపు. కలెక్టరుగారి దగ్గరికెళ్ళే పటం."

ఇంటికి వాస్తు విన్నాను, బావికి విన్నాను. నా ముఖానికి కూడానా! నవ్వొచ్చింది నాకు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"సార్, ఆ మూల ఏదో వలస, చిన్న ఊరు ఉన్నట్టుందండి."

"తర్వాత చూద్దాంలే. ముందు ప్రింటు తియ్యి, పదకొండు దాటితే దుర్ముహూర్తం."

గడి కింది ఎడమ మూలకు దిగింది. దాని కింద ఇరవై ఆరు ఇళ్ళు, వాటి మీద పరుచుకున్న ముంపు నీలం, ఇప్పలవలస అనే పేరు, అన్నీ అణిగిపోయాయి. ప్రింటు మీద సంతకం పడింది. పటం ముచ్చటగా కుదిరిందని, వచ్చేపోయే వాళ్ళకు చూపించడానికి నెలల తరబడి దాన్ని నా ముఖం మీదే ఉంచారు. పైడితల్లి కూడా ఆ మూల మాట మరిచిపోయింది.

ఒక శనివారం పొద్దున, మూడు రోజులుగా వదలని వానలో, గవరయ్య అనే రైతు నిలువునా తడిసి వచ్చాడు.

"సుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ నిన్ననే సాటింపేసినారు తల్లీ. మా ఇప్పలవలసకి ఎవులూ రాలేదు. ఇందల మా ఊరు ఏదమ్మా?"

పైడితల్లి పట్టిక గడిని పక్కకు లాగింది. నీలంలో ఇళ్ళు బయటపడ్డాయి.

"అమ్మో! ఎంత పని చేశాను దేవుడా!" అంటూ ఆఫీసరు గదిలోకి పరుగెత్తింది.

"సంతకమైపోయిన పటమమ్మా. సోమవారం సవరణ పంపుదాం," అన్నారాయన.

ఆమె ఆయన మాట వినలేదు. ఫోను లాక్కుని డ్యాముకు తిప్పుతూనే ఉంది. లైను దొరకదు.

"నా ఆడది, కోడలు, పిల్లలు ఇంటికాడే ఉన్నారమ్మా. ఎల్లిపోనా, ఉండనా?"

"ఒక్క నిమిషం ఉండు బాబూ, దొరుకుతుంది."

అతను బల్ల మీద కూర్చున్నాడు. పన్నెండున్నరకు లైను కలిసింది. పైడితల్లి విని, ఫోను పెట్టేసింది.

"గేట్లు ఎప్పుడెత్తుతారంట?" అన్నారు త్రినాథరావుగారు.

"ఎత్తేశారండి. పదకొండుకే."

గవరయ్య నా వైపే చూస్తున్నాడు. నా ముఖం మీద అతని ఊరు అప్పుడు చక్కగా కనబడుతోంది.

ఇప్పుడు నేను స్టోర్‌రూములో, విరిగిన కుర్చీల మధ్య ఉన్నాను. ఒకే బొమ్మ చాలాకాలం నిలిస్తే మాలాంటి వాటికి మచ్చ పడుతుంది. కరెంటు లేకపోయినా నా నైరుతి మూల ఆ గడి చదరంగా, నల్లగా ఉంది. అప్పుడప్పుడు పైడితల్లి వచ్చి ఆ మూలను పైటకొంగుతో తుడుస్తుంది. ఆ మచ్చ గాజుకు లోపలి వైపు ఉందని ఆమెకు తెలుసు. అయినా తుడుస్తుంది.