వంశధారలో మిగిలిన సాయంత్రం

క్లబ్బు అప్పగించాల్సిన రోజు ఉదయం దాలినాయుడు తలుపు తీసేసరికి లోపల ఇంకా సాయంత్రమే ఉంది.

బయట పెనాంగ్ రేవుపట్నం వీధిలో ఎండ చురుక్కుమంటోంది. గడపకు లోపల మాత్రం గోడల మీద దీపాలు అప్పుడే వెలిగించినట్టున్నాయి. వాన వెలిసిన వాసన, అత్తరు వాసన, ఎక్కడో వేగుతున్న ఉల్లిపాయల వాసన వస్తున్నాయి. సాయంత్రం గడప దగ్గర కత్తిరించినట్టు ఆగిపోయింది. ఒక్క అంగుళం కూడా వీధిలోకి రావడం లేదు.

అతని వెనకాల లింగ్ నిలబడి ఉంది. ఈ హాలును అద్దెకు తీసుకున్న డాక్టరమ్మాయి. ఇక్కడ పళ్ళ ఆసుపత్రి పెట్టబోతోంది.

"అంకుల్, నాకు ఖాళీ హాలు కావాలి," అంటుంది మర్యాదగా. "ఇంత చీకట్లో పళ్ళు చూడలేను."

"నిజమేనమ్మా," అంటాడు దాలినాయుడు. "పాత సాయంత్రం కదా, కదలడానికి కాస్త టైము పడుతుంది. మధ్యాహ్నంలోగా తీసేస్తాను."

ఆమె ఎదుటి కాఫీ దుకాణంలోకి వెళ్ళి కూర్చుంటుంది. లోపల అతిథులుంటారేమోనని దాలినాయుడు కోటు గుండీలు పెట్టుకుని అడుగు వేస్తాడు.

అతిథులున్నారు. రబ్బరు తోటల దొరలు, బట్టల వ్యాపారులు, అలిగి ఇంట్లోంచి వచ్చేసిన భర్తలు, పెళ్ళి కుదిరిన జంటలు, అందరూ ఎవరి బల్ల దగ్గర వాళ్ళున్నారు. అతన్ని చూసి గ్లాసులు కాస్త పైకెత్తి నవ్వుతారు. అతను ప్రతి బల్ల దగ్గరా ఆగి, పేరు పెట్టి పలకరిస్తాడు. ఒక్క పేరూ మరిచిపోలేదు.

వేదిక మీద ఆల్బర్ట్ ట్రంపెట్ వాయిస్తున్నాడు. అతను పోయి చాలా ఏళ్ళయింది గానీ ఊపిరి ఏమీ తగ్గలేదు. అసలు ఈ క్లబ్బు పుట్టిందే అతని వల్ల. అప్పట్లో దాలినాయుడిది చిన్న భోజన హోటలు. ఒకనాడు ఆల్బర్ట్ వానకు తడిసి లోపలికొచ్చాడు. రేకుల మీద వాన మోతకి ఎవరి మాటా ఎవరికీ వినపడకపోతే, విసుగెత్తి ట్రంపెట్ తీసి వాయించాడు. వాన వెలిసింది. తిన్నవాళ్ళు లేవలేదు. మర్నాడు అదే వేళకి మళ్ళీ వచ్చారు, వాన లేకుండానే.

"మూసేస్తున్నావటగా బాస్?" అంటాడు ఆల్బర్ట్ పాట మధ్యలో.

"అవును. ఈ సాయంత్రాన్ని బయటికి తీసుకెళ్ళాలి."

"ఇంతది ఆ తలుపులోంచి పట్టదు. ఇది మొదలైన చోటికి వెళ్ళు. అక్కడ చిన్నదిగా ఉంటుంది."

ఆ మాట సబబుగానే తోస్తుంది. దాలినాయుడు వేదిక వెనక్కి నడుస్తాడు. హాలు పొడుగవుతుంది. క్లబ్బు వంటగది దాటితే పాత భోజన హోటలు వస్తుంది, దాని పెరటి తలుపు తీస్తే రేవు దగ్గరి సందు. ఆ సందు చివర, కిరసనాయిలు దీపం కింద, తోపుడుబండి. బండి దగ్గర పారమ్మ చేపల పులుసు కలుపుతోంది.

పారమ్మ అతని భార్య. శ్రీకాకుళం వైపు నుంచి ఇద్దరూ కలిసే ఈ దేశం వచ్చారు, కలిసే ఈ బండి తోశారు. క్లబ్బు తెరిచిన ఏడే ఆమె జ్వరంతో పోయింది. ఇప్పుడు ఆమెకి పాతికేళ్ళుంటాయి. అతని తల ముగ్గుబుట్ట.

"ఇంతాలీసమైపోనాదేటి?" అంటుంది అతని తెల్లజుట్టు వైపు చూసి. "పులుసు సల్లారిపోతంది."

"పారమ్మా, మూసేస్తున్నాం."

"తినీవోళ్ళుండగా ఎలాగ మూసెత్తాం?"

అతను ఆమె పక్కన నిలబడి, పులుసు మీద తేలుతున్న కరివేపాకులు చూస్తాడు. తర్వాత, ఎన్నో ఏళ్ళుగా అడగాలనుకున్నది అడుగుతాడు. "అంత హాలు కట్టాం. నువ్వొక్క రోజైనా వచ్చి కూర్చోలేదేం?"

"నాను కూకుంటే పులుసెవులు సూత్తారు?" అని నవ్వుతుంది. "ఇంతకీ దానికేటి పేరెట్టినావు?"

"వంశధార. మన నది పేరే. మరిచిపోయావా?"

"నీ నోట ఇందామని."

"ఇక్కడెవరికీ నోరు తిరగలేదు. అందరూ వామ్సా అనేవారు."

"అయితే ఏటి. పిలిసినారు గదా."

దాలినాయుడు కోటు విప్పి బండిలో పెడతాడు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని తోస్తారు. సందులోంచి హోటల్లోకి, హోటల్లోంచి వంటగదిలోకి, వంటగదిలోంచి హాలులోకి బండి వస్తుంది. చుట్టూ ఉన్న సాయంత్రమంతా ముడుచుకుని బండి కప్పు కిందికి చేరుతుంది. అతిథులు ఎవరూ చెప్పకుండానే లేచి, తమ కుర్చీలు తామే బల్లల మీద బోర్లించి, దీపాలు ఒక్కొక్కటీ ఆర్పుతారు. ఆల్బర్ట్ ట్రంపెట్ తుడుచుకుంటాడు.

"నువ్వూ రారాదూ?" అంటాడు దాలినాయుడు.

"బండి మీద చోటెక్కడుంది బాస్? వెళ్ళు. ఇక్కడ మేం సర్దుకుంటాం."

గడప దగ్గర చక్రం ఇరుక్కుంటుంది. కాఫీ దుకాణంలోంచి లింగ్ పరుగున వచ్చి ముందు నుంచి లాగుతుంది. దాలినాయుడు బండితో పాటు ఎలాగో వీధిలోకి దిగుతాడు. పారమ్మ లోపలే ఆగిపోతుంది. ముందుకు చాచిన ఆమె చేతి మీద ఎండ పడుతుంది. ఎండలో ఆ చెయ్యి పల్చబడి, దానిలోంచి తలుపు రంగు కనిపిస్తుంది.

దాలినాయుడు వెనక్కి తిరుగుతాడు. ఇంత బతుకూ ఆ గుమ్మం లోపల నిలబడి, వీధిలో పోయేవాళ్ళని "రండి, రండి" అన్నవాడే. ఇప్పుడు వీధిలో నిలబడి లోపలికి చెయ్యి చాస్తాడు.

"రా పారమ్మా," అంటాడు. "రా."

ఆమె పమిట నెత్తి మీదికి లాక్కుని, నది దాటేటప్పటిలా చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, గడప దాటుతుంది. బండి నీడలోకి రాగానే ఆమె చెయ్యి మళ్ళీ గట్టిగా, వెచ్చగా ఉంటుంది. మసాలా అంటుకుని ఉంటుంది.

లింగ్ హాలులోకి తొంగి చూస్తుంది. తెల్లటి పగలు తప్ప అక్కడేమీ లేదు. "చాలా సంతోషం అంకుల్," అంటుంది. అతను తాళంచెవి ఆమె చేతిలో పెడతాడు. పెట్టాక చెయ్యి తేలికగా అనిపిస్తుంది.

వీధి రేవు వైపు వాలుగా ఉంది. బండి తనంతట తానే దొర్లుతుంది, దాని మీద బండంత సాయంత్రం, చుట్టూ మిట్టమధ్యాహ్నం. నీళ్ళ ఒడ్డున ఆగుతుంది. పారమ్మ దీపం వత్తి పెంచుతుంది. దాలినాయుడు బెంచీ వేస్తాడు.

లంగరు వేసి ఉన్న పెద్ద ఓడ ఒకటి నీళ్ళలోంచి లేచి, ఒడ్డెక్కి, గొలుసు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంటుంది. బెంచీ కిర్రుమంటుంది గానీ విరగదు.

"పెద్దోరొచ్చినారు," అంటుంది పారమ్మ మెల్లిగా. "వెడల్పాకు ఎయ్యి."

ఓడ పొగగొట్టం వంచి పులుసు వాసన చూస్తుంది. దాని వెనక మిగతా ఓడలన్నీ ఒక్కొక్కటిగా ఒడ్డుకొచ్చి, తడి కాళ్ళు తుడుచుకుంటూ, పులుసు కోసం వరసలో నిలబడుతున్నాయి.