తలకిందుల టేపు

"చేతకాకపోతే చేతకాదని ముందే చెప్పాల్సింది! నీ మొండితనానికి మీ వదిన గొంతే దొరికిందా?"

అన్నయ్య అరుపుకు కంట్రోల్ రూమ్ అద్దం అదిరింది. గోడ గడియారంలో మూడూ ముప్ఫై అయిదు.

స్పీకర్లలో ఇప్పుడే రికార్డు చేసిన వదిన పాట. డ్రమ్ము దెబ్బ పడిన ప్రతిచోటా ఎవరో ఆమె తలను నీళ్లలో ముంచి తీస్తున్నట్టుంది. మాటల చివర్లు మునిగిపోయాయి.

రేపు ఉదయం వదినకు గొంతు ఆపరేషన్. తర్వాత ఇదే గొంతు ఉంటుందని డాక్టర్ మాటివ్వలేదు. ఈరోజు నాలుగు దాటాక పెదవి విప్పొద్దన్నాడు, ఆలోపు కూడా పాటకు తప్ప నోరు తెరవొద్దన్నాడు. అందుకే ఆమె అద్దం అవతల పలక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంకొక్కసారి పాడటానికి మిగిలింది ఇరవై అయిదు నిమిషాలు.

"ఆ నల్లపెట్టె పీకేసెయ్. నే చెప్పిన వెండిరంగు పెట్టె తగిలించు," అన్నాడు అన్నయ్య.

స్టూడియోకి ఒక కంప్రెసర్ కొనాలని షాపు నుంచి రెండు తెచ్చి చూస్తున్నాం. శబ్దం హద్దు దాటితే కిందికి నొక్కడం దాని పని. రికార్డు కాకముందే నొక్కుతుంది కాబట్టి, తప్పుగా నొక్కితే ఆ తర్వాత బ్రహ్మదేవుడు కూడా బాగుచేయలేడు. వెండి పెట్టెది దూకుడు. డ్రమ్ముకు భేషుగ్గా ఉంటుంది కానీ, వదిన 'స' అంటే చెవి కొరుకుతుంది. నల్లపెట్టెది నిదానం. పైగా దానికి రెండు పక్కలు: ఒకదాంట్లో గొంతు, రెండోదాంట్లో డ్రమ్ము, దేని దారి దానిది. వారం రోజులు అన్ని రకాలుగా విన్నాకే నల్లదాన్ని ఎంచుకున్నాను.

"పీకను," అన్నాను. "నిన్న సాయంత్రం బాగుంది. రాత్రికి రాత్రి చెడిపోవడానికి అదేమన్నా పెరుగా?"

"పెద్ద ఇంజనీరమ్మ! తప్పు చేసి పైగా నోరొకటి!"

ఒళ్లు మండిపోయింది. పదేళ్లుగా ఈ గదిలో మెచ్చుకోళ్లు ఆయనకు, చీవాట్లు నాకు. జవాబు తర్వాత. ముందు గడియారం.

లోపలి గదుల్లోకి వినబడే మైకు బటన్ నొక్కాను. "పిడుగూ, ఒక్క దెబ్బ వెయ్యి. వదినా, మీరు పాడొద్దు."

పిడుగు అంటే మా డ్రమ్మర్. అతను కొట్టాడు. నల్లపెట్టె మీద, ఎంత నొక్కుతోందో చూపే మీటర్లలో డ్రమ్ము ముల్లు వంగింది. పక్కనే గొంతు ముల్లూ వంగింది.

"మళ్లీ!"

రెండూ మళ్లీ కలిసే వంగాయి. అక్కడ గొంతే లేదు! అంటే డ్రమ్ముకు పడాల్సిన నొక్కుడు గొంతుకూ పడుతోంది. రెండు పక్కల్నీ జతకట్టే బటన్ పెట్టె వెనక ఉంటుంది. అది పొరపాటున కూడా పడకూడదని నిన్న నేనే దాని మీద 'తాకొద్దు' అని రాసి టేపు అంటించాను.

టార్చి వేసి వెనక చూశాను. టేపు ఉంది. కానీ 'తాకొద్దు' తలకిందులుగా ఉంది. ఎవరో పైనుంచి వంగి ఊడదీసి, పని చూసుకుని, మళ్లీ అంటించారు.

టేపు పీకి బటన్ వదిలించాను. "వదినా, పదండి. ఒక్కసారే!"

మూడూ నలభై ఎనిమిదికి మొదలుపెట్టాం. నాలుగు నిమిషాలు ఎవరికీ ఊపిరాడలేదు. చివరి మాట దాకా గొంతు నిండుగా, నిక్కచ్చిగా నిలబడింది. పిడుగు కర్రలు పైకెత్తి దణ్ణం పెట్టాడు. వదిన కంట్రోల్ రూమ్‌లోకి వచ్చి పలక మీద రాసింది: 'నిలిచింది.'

"సరే, అయిందేదో అయింది," అన్నాడు అన్నయ్య. "ఎవరు నొక్కారో ఇప్పుడెందుకు? షాపువాడే అలా పంపుంటాడు."

"షాపువాడు నా టేపు కూడా అంటించి పంపాడా?"

నేను కంప్యూటర్‌లో ఈరోజు ఫైళ్లు తెరిచాను. ఉదయం ఏడూ పదికి ఒక రికార్డింగ్ ఉంది. డ్రమ్ముల మీద వేలాడే రెండు మైకుల శబ్దం నల్లపెట్టె రెండు పక్కల్లోంచి వెళ్లింది. అలా జత మైకులు పెట్టినప్పుడే ఆ బటన్ కావాలి. తాళాలున్నది ముగ్గురికే: అన్నయ్యకు, పిడుగుకు, నాకు. నేను తొమ్మిదింటికి వచ్చాను.

"పిడుగు వచ్చుంటాడు," అన్నాడు అన్నయ్య టక్కున.

అప్పుడే లోపలికొస్తున్న పిడుగు గుమ్మంలోనే ఆగిపోయాడు. "నేనా? ఏడింటికి నన్ను లేపడం మా అమ్మ వల్లే కాదన్నా!"

"పొద్దున నేను వాకింగ్‌లో ఉన్నాను. ఇంకెవరు మరి?"

ఫైలు మోగించాను. ఢం, ఢం, టక్... ఢం. నాలుగో దెబ్బ ప్రతిసారీ ఆలస్యం.

"ఛీ! అక్కా, నన్ను దొంగంటే పడతాను," పిడుగు మొహం ఎర్రబడింది. "ఇంత దరిద్రంగా కొట్టానంటే మాత్రం పడను!"

నాకు అనుమానం ఉంది. రుజువు లేదు.

వదిన తల పక్కకు వాల్చి విన్నది. మళ్లీ వేయమని వేలు తిప్పింది. వేశాను. ఢం, ఢం, టక్... ఢం. ఆమె చూపు నెమ్మదిగా అన్నయ్య కుడిచేతి మీద ఆగింది. పన్నెండేళ్లుగా ప్రతి ఉదయం కాఫీ కోసం చెంచాతో బల్ల మీద ఆ చెయ్యి కొట్టే దరువు ఆమెకంటే ఎక్కువ ఎవరు విన్నారు?

అన్నయ్య చెయ్యి జేబులోకి వెళ్లిపోయింది.

"నువ్వు మాట్లాడకు," అన్నాడు గొంతు తగ్గించి. "డాక్టర్ ఏం చెప్పాడు? పలక మీద రాయి."

మూడూ యాభై తొమ్మిది. వదిన పలకను బల్ల మీద బోర్లించింది. నా వైపు తిరిగి, రేపటికి ఉంటుందో ఉండదో తెలియని ఆ గొంతుతో, గదంతా వినబడేలా చెప్పింది.

"మీ అన్నయ్యే."