పదిహేడు మెట్లు

తండ్రి రాసిన వీలునామా ప్రకారం పై వాటా అక్కది, కింది వాటా తమ్ముడిది, మెట్లు ఇద్దరివీ. అక్క రిటైరైన నర్సు. తమ్ముడికి కళ్లద్దాల దుకాణం. అక్క మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మెట్ల మొదట్లో ఇనుప గేటు, దానికో తాళం కనిపించాయి. పై వాటా తనకు అమ్మితేనే తాళం తీస్తానన్నాడు తమ్ముడు. ఆమె వెనక వీధిలో అద్దె గది చూసుకుని, మెట్ల కోసం దావా వేసింది.

కేసు గెలవలేనని తమ్ముడికి తెలుసు. సాగదీయగలనని ఇంకా బాగా తెలుసు. నాలుగు పేజీల జవాబు దాఖలు చేయడానికి ఏడాదిన్నర తీసుకున్నాడు. అందులో ఉన్న కొత్త సంగతి ఒక్కటే: ఆ ఇంటికి అసలు మెట్లే లేవట. చూసి రమ్మని కోర్టు ఒక కుర్ర వకీలును కమిషనర్‌గా పంపింది. అతగాడు ఎక్కి దిగి, మెట్లు పదిహేడని రాసివ్వడానికి ఎనిమిది నెలలు పట్టింది. లేని మెట్లు పదహారేనని తమ్ముడు అభ్యంతరం పెట్టాడు. దాని మీద మరో ఏడాది గడిచింది.

ఇక అతను బోనెక్కి సాక్ష్యం చెప్పాలి. ఆ వాయిదా వచ్చిన ప్రతిసారీ అతనికి జబ్బు చేసేది. అతని వకీలు తలెత్తకుండానే మెడికల్ సర్టిఫికెట్ అందించేవాడు. అక్క వాటి నకళ్లు తెప్పించుకుని చదివేది. ముప్పై ఏళ్లు రోగుల మధ్య తిరిగిన మనిషి. ఏడాదిలో మూడోసారి కామెర్లు వచ్చాయని చూసి, వీడికి అబద్ధమైనా శ్రద్ధగా ఆడటం రాదే అని ఏవగించుకుంది.

ఆరో ఏడు, వాయిదా రోజు పొద్దున్నే పక్క గది టీచరును తమ్ముడి దుకాణానికి పంపింది. అతను నిక్షేపంగా కూర్చుని ఆవిడ కళ్లు పరీక్షించి, చీటీ మీద పవరు, తేదీ, టైము వేసి సంతకం పెట్టాడు. మధ్యాహ్నం కోర్టులో అతని వకీలు, టైఫాయిడ్, మంచం దిగలేని స్థితి అన్నాడు. అక్క తరఫు వకీలు ఆ చీటీ ముందు పెట్టాడు.

జడ్జి రెండుసార్లు చదివాడు. "మంచం మీద నుంచే కళ్లు చూశారా?" అని అడిగాడు.

చేతిరాత నిపుణుడికి పంపాలి, వాయిదా ఇప్పించండన్నాడు తమ్ముడి వకీలు. జడ్జి ఇవ్వలేదు. సాక్ష్యం ముగిసిందని రాయించి, మూడు నెలల్లో తీర్పు చెప్పాడు. తమ్ముడు అప్పీలుకు పోయాడు కానీ స్టే దొరకలేదు.

కోర్టు అమీను గేటు కోయించిన రోజు తమ్ముడు గడప దగ్గర నిలబడి, "అక్కా, మెట్ల మీద నా సామానుంది. ఒక్క వారం ఆగు," అన్నాడు.

"వాయిదాలిచ్చేది నేను కాదు," అంది.

అతని అట్టపెట్టెలను కాలితో పక్కకు నెడుతూ, ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ ఎక్కింది. పైన తలుపు తీస్తే దుమ్ము. సంతోషం కలుగుతుందనుకుంది. కిటికీలోంచి కిందికి చూస్తే, ఖాళీ పెట్టెల్ని లెక్కపెట్టుకుంటూ తమ్ముడు కనిపించాడు. ఇంత అల్పుడి మీదా ఆరేళ్లు ఖర్చు పెట్టానని తన మీద తనకే చిరాకు పుట్టింది. కిటికీ మూసి, చీపురు కోసం వెతకసాగింది.