డిక్కీలో రొయ్యపిల్లలు

కోట ఊరు దాటి సముద్రం వైపు పోయే మట్టిరోడ్డు మీద కారు తోలుతున్నంతసేపూ సాయిలక్ష్మి ధ్యాసంతా వెనక డిక్కీ మీదే ఉంది. అందులో నాలుగు అట్టపెట్టెలు. పెట్టెల్లో ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచులు, సంచుల్లో వెంట్రుకంత సన్నని రొయ్యపిల్లలు. పిల్లల్ని పొదిగించి అమ్మే హేచరీవాళ్ళు ఐసు ముక్కలు పెట్టి ఇచ్చారు గానీ, అక్కడే ఆలస్యమైపోయింది. ఎండ ముదరకముందే వాటిని రొయ్యల గుంటలో వదలాలి. పెద్ద గుంటల వాళ్ళకైతే వ్యానే వచ్చి దించిపోతుంది. వీళ్ళది ఒకటే చిన్న గుంట. తెచ్చుకునే తిప్పలు వీళ్ళవే.

పక్కన కూర్చున్న ఆమె భర్త గిరిబాబు దారి పొడవునా కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. కిందటేడు తెల్లమచ్చ రోగం తగిలి గుంటలో రొయ్యలన్నీ ఒడ్డుకు కొట్టుకొచ్చిన రోజే అతను ఇక వాటి జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నాడు. గుంటను ఎవరికైనా కౌలుకిచ్చేద్దామన్నాడు. సాయిలక్ష్మి వినలేదు. గుంట ఎండగట్టించింది, సున్నం చల్లించింది, మళ్ళీ నీళ్ళు పెట్టించింది. "సరే, నీ ఇష్టం. మంచైనా చెడైనా నీదే" అనేసి అతను తప్పుకున్నాడు. ఆ మాట అన్నప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు.

గుంటకట్ట కొంచెం ఏటవాలుగా ఉంటుంది. తొందరలో ఆమె కారును కట్ట మీదికి ఎక్కించి, ముందు చక్రం ఒక రాయికి తగిలి ఆగిపోతే, అక్కడే ఇంజను ఆపేసింది. తాళంచెవి ఊడదీద్దామని ఇంకా వెనక్కి తిప్పింది. అది సగంలో ఆగిపోయింది. మళ్ళీ తిప్పింది. అటూ పోదు, ఇటూ రాదు, ఊడనూ ఊడదు.

"ఏమైంది?" అన్నాడు గిరిబాబు.

"తాళం రావడంలా."

ఆమె చూపు వెనక్కి, డిక్కీ వైపు పోయింది. డిక్కీని లోపలి నుంచి తెరిచే తీగ ఎప్పుడో తెగిపోయింది. తెరవాలంటే బయటి నుంచి ఈ తాళంచెవి పెట్టాల్సిందే. వెనక సీటు పీకినా దాని వెనకంతా రేకే.

"జరుగు, నేను చూస్తా." గిరిబాబు డ్రైవరు సీట్లోకొచ్చి, పళ్ళు బిగబట్టి తిప్పాడు.

"గట్టిగా తిప్పబాకయ్యా, ఇరిగిపోద్ది!"

"మరి ఏం చేయమంటావ్? రాళ్ళ మీదికి ఎక్కియ్యకుండా ఆపడం నీకు రాదా?"

ఆమె కోటలో ఉండే మెకానిక్ నాగుల్ మీరాకు ఫోను కొట్టింది. అవతల నుంచి గిన్నెల చప్పుడూ, మనుషుల గోలా వినిపించాయి. "నేను ఎంకటాచలంలో ఉండానక్కా, మావోళ్ళ నిఖా. రావాలంటే మధ్యానం దాటిపోద్ది. బలవంతం మాత్రం చేయబాకండి. లోపల ఇరిగిందంటే మొత్తం మార్చాల్సిందే" అన్నాడతను. ఇంకేదో చెబుతుండగా సిగ్నలు పోయింది.

పక్క గుంటకు కాపలా ఉండే మాలకొండమ్మ ఈ అలజడికి తన పాక నుంచి వచ్చింది. సంగతి విని, మళ్ళీ పోయి కొబ్బరినూనె సీసా తెచ్చింది. తాళం సందులో రెండు చుక్కలు వేశారు. గిరిబాబు వేళ్ళు జారడం తప్ప ఏమీ కాలేదు.

సాయిలక్ష్మి డిక్కీ మీద చెయ్యి పెట్టి చూసింది. అప్పుడే చురుక్కుమంది. పరిగెత్తి గుంటలో గోతాలు ముంచుకొచ్చి డిక్కీ మీద పరిచింది. అవి ఆరకముందే మళ్ళీ తీసి మళ్ళీ ముంచింది. నిలబడలేకపోయింది, కూర్చోలేకపోయింది. రేకుకు చెవి ఆనించింది, లోపల ఏం వినిపిస్తుందని కాదు, ఏమీ చేయకుండా ఉండలేక.

తల తిప్పేసరికి గిరిబాబు గడ్డపారతో వస్తున్నాడు.

"తప్పుకో. పగలగొడతా."

"పగలగొడితే రేకు లోపలికి వంగి సంచులు చీలిపోతాయి!"

"చచ్చేటియి ఎట్లయినా చస్తాయిలే. పోయినసారి చూళ్ళా?"

ఆ మాటకు ఆమె ఒళ్ళు మండింది. గడ్డపార లాక్కోబోయి అతని చేతులు చూసింది. వణుకుతున్నాయి. కోపంతో వణికే చేతులు కావవి. కిందటేడు చచ్చిన రొయ్యల్ని బుట్టలకెత్తి గొయ్యిలో పూడ్చిన నాడు కూడా ఆ చేతులు ఇలాగే వణకడం ఆమె చూసింది. ఇంతకాలం తనొక్కతే భయపడుతున్నాననుకుంది.

"ఒక్క నిమిషం ఆగు" అంది మెత్తగా. "నేనొకసారి చూస్తా. కాకపోతే నేనే పగలగొట్టమంటా."

డ్రైవరు సీట్లో కూర్చుంది. ఈసారి తాళంచెవిని ముట్టుకోకుండా స్టీరింగు పట్టుకుంది. అది ఒక పక్కకు లాగిపట్టినట్టు బిర్రుగా ఉంది. రాయికి ఆనిన చక్రం దాన్నలా బిగించిందని అర్థమైంది. ఇంట్లో దొడ్డితలుపు గుర్తొచ్చింది. తలుపు బరువంతా గడియ మీద పడితే గడియ జరగదు. తలుపును ఒక చేత్తో కాస్త లోపలికి నెట్టి పట్టుకుంటే వేలితో జరుగుతుంది. స్టీరింగు కదలకుండా పట్టే గడియ కూడా ఈ తాళంలోనే ఉంది కదా!

"బండిని రాయి మీద నుంచి వెనక్కి నెట్టండి. జానెడు చాలు" అని అరిచింది.

గిరిబాబు గడ్డపార కింద పారేశాడు. అతనూ మాలకొండమ్మా ముందువైపు నిలబడి భుజాలు ఆనించారు. సాయిలక్ష్మి గేరు తీసి, హ్యాండ్‌బ్రేకు వదిలింది. కారు కిర్రుమని కొంచెం వెనక్కి జారింది. వెంటనే బ్రేకు తొక్కి హ్యాండ్‌బ్రేకు లాగింది. స్టీరింగు చేతిలో వదులైంది. ఎడమ చేత్తో దాన్ని అటూ ఇటూ కదుపుతూ, కుడిచేత్తో తాళంచెవిని నెమ్మదిగా తిప్పింది. ఒకటి, రెండుసార్లు పట్టేసింది. మూడోసారి టక్కుమని తిరిగి చేతిలోకి వచ్చేసింది.

"వచ్చిందా?" అన్నాడు గిరిబాబు. అప్పటికే ఆమె కారు దిగి వెనక్కి పరిగెత్తింది.

డిక్కీ తెరవగానే లోపలి నుంచి వేడి మొహానికి కొట్టింది. ఐసు నీళ్ళైపోయింది. చివరి పెట్టెలో ఒక సంచి చిల్లుపడి చప్పబడి ఉంది. అందులోవి తెల్లగా అడుగున పేరుకున్నాయి. సాయిలక్ష్మి దాన్ని పక్కన పెట్టింది గానీ, మళ్ళీ అటు చూడలేదు.

మిగతా సంచుల్ని మూతులు విప్పకుండా గుంటలో తేల్చారు. సంచిలో నీళ్ళూ గుంటలో నీళ్ళూ ఒక వేడికి వచ్చేదాకా ఆగాలి. గిరిబాబు చొక్కా విప్పి, పిలవకుండానే మొలలోతు నీళ్ళలోకి దిగి, గాలికి కొట్టుకుపోకుండా సంచుల్ని చేతులతో కూడగట్టాడు. సాయిలక్ష్మి కట్ట మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

"కాసేపు కూచోమ్మా, నిన్ను చూస్తే నాకు తల తిరగతా ఉండాది" అంది మాలకొండమ్మ.

ఆమె కూర్చోలేదు. చాలనిపించాక గిరిబాబు చేత ఒక సంచి విప్పించి తెల్ల బేసిన్‌లోకి కొంచెం వొంపించింది. చేత్తో నీళ్ళను గుండ్రంగా తిప్పింది. నీరసించినవైతే సుడితోపాటు కొట్టుకుపోయి నడిమధ్య కుప్పపడతాయి. వంగి చూసింది. కొన్ని అలాగే మధ్యకు చేరాయి. మిగతావి సుడికి ఎదురు తిరిగి, బేసిన్ అంచులు పట్టుకుని, ఈదుతున్నాయి.

"ఎట్టుండాయి?" నీళ్ళలో నుంచి అడిగాడు గిరిబాబు.

"శానా వరకు బాగానే ఉండాయి. ఒదలొచ్చు."

అతను ఒక్కో సంచి మూతి విప్పి, నీళ్ళలోకి వంచి, నింపాదిగా వదలసాగాడు. అన్నీ అయ్యాక తల ఎత్తకుండానే, "రేపు తెల్లారి మేత నేనేస్తాలే. నువ్వు కాసేపు నిద్రపో" అన్నాడు.

సాయిలక్ష్మి సరేనంది. నిద్ర పట్టదని ఆమెకు తెలుసు. రొయ్యలు పట్టుబడికి వచ్చేదాకా పొడుగాటి మూడు నెలలు ముందున్నాయి. ఖాళీ సంచులు ఏరి, నీళ్ళలో ఉన్న భర్తకు చెయ్యి అందించింది.