లూసియన్ తాత దీవెన

కాన్సాస్ గడ్డి మైదానాల్లోని ఆ ఊళ్లో ఒకప్పుడు ఎవర్ని కదిపినా ఫ్రెంచే. 2011 నాటికి అక్కడ ఆ భాష మాట్లాడగలిగినవాడు తొంభై దాటిన లూసియన్ తాత ఒక్కడే. ఆ ఊరి డాక్టరుగారమ్మాయి ఉజ్వల చిన్నప్పుడు, జనవరి ఒకటిన పిల్లలంతా ఆయన ముందు మోకరిల్లి దీవెన అడిగేవారు. ఆయన నిద్ర నటించి, బతిమాలించుకుని, ఫ్రెంచిలో దీవించి, ఆఖర్న ముక్కు పిండేవాడు.

ఆ దీవెన తన కూతురు స్మృతికీ దక్కాలని ఆ ఏడాది జనవరి ఒకటికి ఉజ్వల ఉడుంపట్టు పట్టింది. తాము ఉంటున్న ఫ్రిస్కో నుంచి ఆ ఊరికి కారు బయల్దేరింది.

"సొంత తాతయ్యకే దణ్ణం పెట్టని పిల్ల, ఆయన ముందు మోకరిల్లుతుందా?" అని వెక్కిరించాడు భర్త గౌరీశంకర్.

"నన్ను చూసి నేర్చుకుంటుంది. నువ్వు డ్రైవ్ చెయ్యి, కామెంట్స్ తర్వాత!"

వృద్ధాశ్రమంలో తాత కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆయన ఫ్రెంచి మాట్లాడి ఏళ్లయిందంది నర్సు. అయినా ఉజ్వల మోకరిల్లి ఫ్రెంచిలో దీవెన అడిగింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ అడిగింది. ఈసారి స్మృతి కూడా పక్కన మోకరిల్లి, తల్లి మాటల్నే వచ్చీరాని యాసలో అప్పజెప్పింది.

తాత చెయ్యి లేచి పిల్ల తలమీద వాలింది. వణుకుతున్న గొంతులోంచి దీవెనంతా ఫ్రెంచిలోనే వచ్చింది. అది ముగియగానే చెయ్యి కిందికి జారి పిల్ల ముక్కు పిండింది.

"మమ్మీ! నిద్ర అంతా ఫేక్!"

ఉజ్వల కళ్లు తుడుచుకుని భర్త వైపు తిరిగింది.

"ఏంటలా నిలబడ్డావ్? నువ్వూ మోకరిల్లు. ముక్కు జాగ్రత్త!"