ముప్పై తొమ్మిదో రోజు

క్రేను ఆపరేటరు కుడి మోకాలు దానంతటదే ఊగుతోంది. అరచేత్తో నొక్కిపట్టాడు. వదలగానే మళ్ళీ మొదలుపెట్టింది.

ముప్పై అంతస్తుల ఎత్తున అద్దాల క్యాబిన్. కింద పసుపు హెల్మెట్లు తప్ప మనుషులు కనిపించరు.

పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా మంచినీళ్ళే తాగి నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేస్తానని చర్చిలో అందరి ముందూ లేచి చెప్పాడు. వెనక వరసలో బావ కిసుక్కున నవ్వాడు. బావంటే భార్యకి అన్న, ఈ సైటులోనే కింద లోడుకి తాడు పట్టేవాడు. ఆయన నవ్వడంలో తప్పేమీ లేదు. ప్రహరీ సగం కట్టి వదిలేసినవాడు, హార్మోనియం సగం నేర్చినవాడు, తాగుడు మానడాన్ని మూడుసార్లు మధ్యలోనే మానేసి నాలుగోసారి గట్టెక్కినవాడు. సైటంతా అతన్ని పిలిచే పేరే 'సగాలు'.

ఇవాళ ముప్పై తొమ్మిదో రోజు. రేపొక్కటి గడిస్తే ఎల్లుండి ఆదివారం నలభై రోజులూ నిలిచినవాళ్ళందరినీ పాస్టరుగారు ముందుకి పిలుస్తారు. ఆ పేరు అక్కడితో పోతుంది.

రేడియో గరగరలాడింది. "సగాలూ, చెయ్యి బాగుందా?"

లోడు కదిలేముందు కిందివాడు ఆ మాట అడగాలి, పైవాడు జవాబివ్వాలి. అది ఈ సైటు పద్ధతి. రోజుకి అరవైసార్లు అడిగే మాట. జవాబు ఆలోచనతో పనిలేకుండా నోట్లోంచి వచ్చేస్తుంది.

"బాగుంది బావా."

వారం నుంచీ అది అబద్ధమే.

రెండు టన్నుల కాంక్రీటు గోడ పలక లేచింది. రెండో అంతస్తు దాటాక కళ్ళముందు నల్లటి చుక్కలు తేలాయి. చెయ్యి వణికి లీవరు పక్కకి జరిగింది. పలక గిర్రున తిరిగి బావ నెత్తిమీదుగా ఊగింది. ఆయన తాడు వదిలి నేలమీద పడుకున్నాడు.

ఆపరేటరు లీవరు వదిలేశాడు. ఊగీ ఊగీ పలక గాల్లో నిలిచింది.

"ఏమైంది పైన?" బావ రేడియోలో అరిచాడు. "చెయ్యి బాగుందా?"

గాలి పెరుగుతోంది. ఇంకో ఆపరేటరు నిచ్చెనెక్కి రావాలంటే ఇరవై నిమిషాలు. పళ్ళు బిగించి దించేస్తే నలభై నిలుస్తుంది. నిలిచేది అదొక్కటేనేమో.

"బాగోలేదు," అన్నాడు. "వారం నుంచీ బాగోలేదు. కింద ఎవరూ ఉండొద్దు. పది నిమిషాలు ఆగండి, నేను అన్నం తినాలి."

రేడియోలో సైటంతా వింది. ఎవరో నవ్వారు. "అయితే ఇదీ సగమేనా?"

"సగమే," అన్నాడు.

సంచిలో భార్య పెట్టిన డబ్బా ఉంది. వద్దన్నా రోజూ పెడుతుంది, రోజూ దాన్ని బావే ఖాళీ చేస్తాడు. మూత తీశాడు. గాలికి క్యాబిన్ కిర్రుమంటోంది, కళ్ళెదుట పలక వేలాడుతోంది. మొదటి ముద్ద గొంతు దిగలేదు. నీళ్ళు తాగి దింపాడు. నాలుగో ముద్దకి చుక్కలు తగ్గాయి. డబ్బా సగమయ్యేసరికి వేళ్ళు మాట విన్నాయి.

"చెయ్యి బాగుందా?"

ఈసారి ముందు రెండు చేతులూ ఎదురుగా చాచి చూసుకున్నాడు.

"ఇప్పుడు బాగుంది."

పలక అంగుళం అంగుళం దిగి నేలకి ఆనింది.

ఆదివారం పాస్టరుగారు పిలిస్తే పదకొండుమంది ముందుకి వెళ్ళారు. అతను కూర్చునే ఉన్నాడు. కొందరు వెనక్కి తిరిగి చూశారు. మోకాలు ఊగుతోంది. ఈసారి వెనక వరసలోంచి నవ్వు రాలేదు. బావ లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మా ఇంట్లో భోజనానికి రా," అన్నాడు మెల్లగా. "నీ డబ్బాలన్నీ నేనే తిన్నాను కదా."

"పొద్దు గుంకాక వస్తాలే."

బావ అతనివైపు తిరిగాడు. "మళ్ళీనా?"

"ఆదివారం క్రేను ఎక్కేది లేదుగా. వారానికొకటి, నలభై ఆదివారాలు. ఇవాళ ఒకటోది."

"ఈసారి ఎవరెవరికి చెప్పావు?"

"నువ్వు అడిగావని నీకు. నువ్వూ మర్చిపో."

బావ చెయ్యి చాచి, ఊగుతున్న ఆ మోకాలిని నొక్కిపట్టాడు.