మేలిచాప కింద

కార్లకు కరెంటు తీగల కట్టలు అల్లే ఫ్యాక్టరీ మూసేస్తారని కబురు వచ్చినప్పటినుంచి లూపే ముద్ద ముట్టడం లేదు. అంతకు ముందు వారమే ఆమె అల్లిన కట్టలో ఆకుపచ్చ తీగ పెట్టాల్సిన గూట్లో నీలం తీగ పడింది. ఆస్ట్రేలియా వాళ్ళు పెట్టె పెట్టంతా తిప్పి పంపారు. ఆ వెంటనే ఈ కబురు. దీవి రాజధాని అపియాకు పోయే బస్సులో జనం ఆ రెండింటికీ ముడిపెట్టేశారు.

"నీ పుణ్యమా అని మా ఆయన మళ్ళీ టారో దుంపలు తవ్వుకోవాలి లూపే," అంది వెనక సీటావిడ నవ్వుతూ. లూపే మధ్యలోనే దిగి ఇంటికి నడిచి వచ్చింది.

తల్లి అవాసా భయం వేరే. చర్చి దగ్గర పసుపు గొడుగు వేసుక్కూర్చుని ఏజెంటొకడు ఆస్ట్రేలియా తోటల్లో పళ్ళు కోయడానికి మనుషుల పేర్లు రాసుకుంటున్నాడు. అవాసా చెల్లెళ్ళు ఒక్కొక్కరే ఆక్లండ్ వెళ్ళిపోయి ఫోన్‌లో గొంతులుగా మిగిలారు. లూపే మాత్రం ఇంకా పేరివ్వలేదు. "క్షమించి మళ్ళీ పనిలోకి రమ్మంటారేమో చూద్దాం అమ్మా" అంటోంది.

అవాసా తమ్ముడు సావేలియో వాళ్ళ కుటుంబం ఎన్నుకున్న పెద్ద. ఫ్యాక్టరీ మేనేజరు ఇంటికి ఇఫోగాకు, అంటే తప్పు చేసినవాళ్ళ తరఫున క్షమాపణ అడగడానికి, రమ్మని అవాసా అతణ్ణి అడిగింది.

"మతి పోయిందా అక్కా? మనిషిని చంపినవాళ్ళ తరఫున చేసే పని అది. తీగ మారినందుకు నేను చాప కప్పుకుని వాళ్ళ వాకిట్లో కూర్చుంటే ఊరంతా పగలబడి నవ్వుతుంది."

"నవ్వనీ. పిల్ల తిండి మానేసింది."

"రేడియో వినవా నువ్వు? దేశం రాబడిలో పెద్ద వంతు ఆ ఫ్యాక్టరీదేనట. దాన్ని నీ కూతురు ఒక్క వేలితో మూయించిందా? అంత మొనగత్తె అయితే చెప్పు, ఎలక్షన్లలో నిలబెడదాం."

అవాసా ఒక్కతే బయలుదేరింది. తెల్లవారేసరికి, జపాను మేనేజరు నిషిగాకి వాకిట్లో, తన తల్లి నెలల తరబడి సన్నగా నేసిన మేలిచాప తల మీదుగా కప్పుకుని కూర్చుంది. ఇంటాయన వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎండ ఎక్కింది. చాప కింద ఊపిరాడలేదు. ఎత్తడేమోనని ఆమె చాప అంచు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

చాప లేచింది. నిషిగాకి, చేతిలో టీ కప్పుతో.

"క్షమించావు నాయనా," అంటూ ఏడ్చేసింది. లూపే సంగతంతా చెప్పింది.

చాలా ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు గనక ఆమె మాట అతనికి అర్థమయింది. "ఏ నీలం తీగ? అలాంటి పెట్టెలు వస్తూనే ఉంటాయి. సరిచేసి పంపేశాం. లూపే అంటే ఎవరు?"

అవాసా గుర్తులు చెప్పింది. అతనికి తట్టలేదు.

"ఆస్ట్రేలియాలో కార్లు చేసే ఫ్యాక్టరీయే మూతపడుతోందమ్మా. రాగి తీగ ఒక దేశం నుంచి, తీగలు గుచ్చే గూళ్ళు ఇంకో దేశం నుంచి తెచ్చి, ఇక్కడ అల్లించి అక్కడికి పంపేవాళ్ళం. కొనేవాళ్ళే లేరు. మిగతా దేశాల కార్లకైతే రాగి దొరికేచోటే అల్లుకుంటారు."

"మా పిల్లల చేతిపని బాగోలేదా?"

"చాలా బాగుంటుంది. కానీ దూరం."

తర్వాత అతను చాపను జాగ్రత్తగా మడిచి గుండెకు ఆనించుకున్నాడు. "నేను ఈ దీవి వదిలి వెళ్ళేముందు ఇంత గొప్ప కానుక ఇచ్చారు," అని నడుం దాకా వంగి దణ్ణం పెట్టి లోపలికి పట్టుకుపోయాడు. అవాసా ఒట్టి చేతులతో వాకిలి దాటింది.

దారి పొడవునా అబద్ధం కూర్చుకుంటూ నడిచింది. క్షమించారే, కబురు చేస్తారట, అంటే చాలు. పిల్ల కొన్నాళ్ళు ఆగుతుంది. తీరా గుమ్మంలో మెడ ఎముకలు తేలిన కూతుర్ని చూసేసరికి నిజం నోట్లోంచి జారిపోయింది.

"నీ తప్పేం లేదట. ఆయనకు నీ పేరు కూడా తెలీదు."

లూపే పళ్ళెం దగ్గరికి లాక్కుని, కొబ్బరిపాలలో ఉడికిన టారో ఆకు ముద్ద ముద్దగా తినడం మొదలుపెట్టింది. అవాసాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంకాస్త వడ్డించింది.

"అయితే బతిమాలుకోవడానికి కూడా ఎవరూ లేరన్నమాట," అంది లూపే నమిలేది నములుతూనే. "ఆ ఏజెంటు ఇంకా ఉన్నాడా అమ్మా?"

"ఏమో, నేను చూడలేదు."

చర్చి మెట్ల మీద అతని పసుపు గొడుగు గుమ్మంలోకే కనిపిస్తోంది. లూపే చెయ్యి కడుక్కోవడానికి లేచింది.